వెనక సైకిళ్ళున్నాయని కారుకు ఎవరు చెప్పాలి?

ప్రశ్న: మేము వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. పోయిన దసరాకు కొత్త కారు కొన్నాం. దానంతట అదే బ్రేకు వేసే ఏర్పాటు, పక్కనుంచి బండి వస్తే అద్దంలో వెలిగే దీపం, ముందు బండిని చూసి వేగం తగ్గించుకునే క్రూజ్ కంట్రోల్, అన్నీ ఉన్నాయి. ఆదివారాలు నేనూ మావారూ దేవనహళ్ళి దాకా కారులో వెళ్ళి, అక్కడి నుంచి నంది కొండ వైపు సైకిళ్ళు తొక్కుతాం. అందుకోసం డిక్కీ తలుపుకు పట్టీలతో బిగించే సైకిల్ ర్యాక్ కొన్నాం. రెండు సైకిళ్ళు పెట్టి రివర్స్ గేరు వేస్తే చాలు, సెన్సర్లు ఆగకుండా మోగుతాయి. పోయిన వారం బేస్‌మెంట్‌లో వెనక్కి తీస్తుంటే కారు గట్టిగా బ్రేకు వేసుకుని ఆగిపోయింది. దిగి చూస్తే వెనక ఏమీ లేదు. రింగ్ రోడ్డు మీద కుడి అద్దంలో దీపం వెలిగే ఉంటుంది, ఎడమ అద్దంలోది అసలు వెలగదు. ర్యాక్ అమ్మినవాళ్ళు పట్టించుకోవద్దంటున్నారు. షోరూం వాళ్ళు ర్యాక్ పెడితే వారంటీ పోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి? ఇవన్నీ ఆఫ్ చేసి నడపడం క్షేమమేనా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది మోగే సెన్సరు కాదు, వెలగని ఎడమ అద్దం. మోగేదాని సంగతి మీకు తెలుస్తోంది. వెలగనిదాన్ని చూసి పక్కన ఎవరూ లేరని మీరు నమ్మేస్తారు. అందుకని దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు కారు వెనక ఏమేమి ఉన్నాయో చూద్దాం. బంపర్ మీద రూపాయి బిళ్ళంత బొత్తాలు కనిపిస్తాయి. అవి శబ్దంతో పనిచేసే పార్కింగ్ సెన్సర్లు. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. ఇవి 40,000కు అటూ ఇటూ, ఇంకా పైన కూడా కూత పెట్టి, గబ్బిలం లాగా ప్రతిధ్వని కోసం ఎదురుచూస్తాయి. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. మీ సైకిల్ పెడలు బంపర్‌కు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ప్రతిధ్వని రెండు మిల్లీసెకన్లలోపే తిరిగి వస్తుంది. అది గోడా, పిల్లవాడా, మీ సొంత సైకిలా అన్నది సెన్సరుకు తెలియదు. చాలా దగ్గరలో ఏదో ఉందన్నదే తెలుసు. రివర్స్‌లో దానంతట అదే బ్రేకు వేసే ఏర్పాటు ఈ సెన్సర్ల మాట వింటుంది, కొన్ని కార్లలో రాడార్ మాట, కెమెరా మాట కూడా వింటుంది. మీ కారు ఆ రోజు చేసింది తప్పు కాదు. వెనక సైకిళ్ళున్నాయని దానికి ఎవరూ చెప్పలేదు.

ఇక అద్దంలో దీపం. ఆ దీపాన్ని వెలిగించే రాడార్లు చాలా కార్లలో వెనక బంపర్ రెండు మూలల్లో, ప్లాస్టిక్ లోపల, పైకి కనిపించకుండా ఉంటాయి. అవి రేడియో తరంగాలు పంపి, తగిలి తిరిగి వచ్చేవాటిని బట్టి పక్కన బండి ఉందో లేదో చూస్తాయి. వాటి తరంగాలు బంపర్ ప్లాస్టిక్‌ను దాటిపోతాయి, లోహాన్ని దాటలేవు. కార్బన్ ఫ్రేము సైకిలయినా ఇదే సంగతి, కార్బన్ కూడా విద్యుత్తును ప్రసరింపజేసేదే. ఇప్పుడు ఒక టేపు తీసుకుని కొలవండి. పెద్దవాళ్ళ రోడ్డు సైకిల్ ఈ చక్రం అంచు నుంచి ఆ చక్రం అంచుకు దాదాపు 170 సెంటీమీటర్లు. మధ్యరకం ఎస్‌యూవీ వెడల్పు 180కి దగ్గర. అంటే సైకిల్‌ను అడ్డంగా కడితే ఒక చక్రం కుడి రాడార్ ముందుకు, ఇంకో చక్రం ఎడమ రాడార్ ముందుకు సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. ఎవరో కొలిచి పెట్టినట్టే ఉంటుంది.

మీ కుడి అద్దం ఎప్పుడూ ఎందుకు వెలుగుతోంది? రాడార్ ముఖ్యంగా కదలికను పసిగడుతుంది. గాలికి చక్రం తిరుగుతుంటే, చువ్వల కదలిక దానికి పక్కన వచ్చే బండిలా కనిపించవచ్చు. ఎడమవైపు చక్రం బహుశా ఫ్రేముకు ఆని కదలకుండా ఉండి, రాడార్‌కు గోడలా అడ్డం నిలిచింది. కొన్ని కార్లు ఇలాంటప్పుడు సెన్సరు మూసుకుపోయిందని డాష్‌బోర్డు మీద చూపిస్తాయి. అన్నీ చూపించవు, చూపించేవి కూడా వెంటనే చూపించకపోవచ్చు. అందుకే రెండు చక్రాలనూ ఫ్రేముకు మెత్తని పట్టీతో కట్టెయ్యండి. గాలికి తిరగడం ఆగుతుంది, ఊరికే వెలగడం చాలావరకు తగ్గుతుంది. కానీ మూసుకుపోయిన వైపు మాత్రం పట్టీతో తెరుచుకోదు.

మన ఊళ్ళో ఎడమవైపు చూపు పోవడం ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కరలేదు. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర కార్లు నెమ్మదించగానే స్కూటర్లు రెండు పక్కలా దూరి వస్తాయి. పార్సిల్ పెట్టె వీపున వేసుకున్న పిల్లలు ఎడమ అద్దానికి జానెడు దూరంలో జారిపోతారు. డ్రైవరు కుడివైపు కూర్చునే మన కార్లలో ఆ ఎడమ వెనక మూల అన్నిటికన్నా చీకటి మూల. అక్కడ కన్నుగా పెట్టిన రాడార్ ముందు మనమే చక్రం వేలాడదీస్తున్నాం.

ఈ బెంగళూరులో నేను 31 ఏళ్ళు కార్ల ఎలక్ట్రికల్ పని చేశాను, అందులో పదిహేనేళ్ళు జేసీ రోడ్డు పక్క సందులో. సెన్సర్లు, కెమెరాలు, వైరింగు చేతితో బిగించినవాణ్ణి. అయినా నాకు జరిగింది చెబుతాను. మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు మా అపార్టుమెంటు నుంచి బయలుదేరాం. వెనక నాదీ మా అమ్మాయిదీ రెండు సైకిళ్ళు. ఇరుగుపొరుగు నిద్రపోతున్నారని సెన్సర్ల మోత ఆఫ్ చేశాను. కెమెరా తెర నిండా సైకిల్ టైరే కనిపిస్తోంది. అద్దాల్లో చూసుకుంటూ వెనక్కి తీస్తున్నాను. ఒక్కసారిగా కేక వినిపించింది. పాలు వేసే అబ్బాయి తన మోపెడ్‌ను సరిగ్గా కారు వెనక నిలబెట్టి, సంచిలోంచి ప్యాకెట్లు తీస్తున్నాడు. అతనికీ నా వెనక సైకిలు హ్యాండిల్‌కూ మధ్య చేయి పట్టేంత సందు కూడా లేదు. ఎవరికీ దెబ్బ తగలలేదు, నాలుగు ప్యాకెట్లు కింద పడ్డాయి, అంతే. ఆ రోజు నంది కొండకు వెళ్ళలేదు. మా అమ్మాయి నాతో మాట్లాడకుండా సైకిళ్ళు దింపింది. అప్పటి నుంచి వెనక సైకిళ్ళుంటే మనిషి కింద నిలబడకుండా నేను రివర్స్ వెయ్యలేదు.

కాబట్టి ర్యాక్ అమ్మినవాళ్ళు చెప్పినట్టు పట్టించుకోకుండా ఉండకండి. రోజూ అబద్ధం చెప్పే మోతకు చెవి అలవాటు పడితే, నిజంగా పిల్లవాడు వెనకకు వచ్చిన రోజు కూడా చెవి వినిపించుకోదు. నా సలహా ఇది: సైకిళ్ళు ఎక్కించిన వెంటనే, ఇంకా స్టీరింగ్ పట్టకముందే, రివర్స్‌లో బ్రేకు వేసే ఏర్పాటును, వెనక పార్కింగ్ సెన్సర్లను తెలిసి ఆఫ్ చెయ్యండి. బ్లైండ్ స్పాట్ హెచ్చరిక (అద్దంలో వెలిగే ఆ దీపమే), రివర్స్‌లో అడ్డంగా వచ్చే బండిని చూపే హెచ్చరిక సాధారణంగా ఆ మూల రాడార్ల మీదే ఆధారపడతాయి గనుక వాటినీ ఆఫ్ చెయ్యండి. వెలగని దీపాన్ని నమ్మడంకన్నా, దీపమే లేదని తెలిసి మెడ తిప్పి చూడడం మేలు. కారు దానంతట అదే పార్కు చేసుకునే ఏర్పాటు ఉంటే సైకిళ్ళున్నంతసేపు దాన్ని ముట్టుకోవద్దు. కెమెరా తెర మీద కనిపించే రంగు గీతలను కూడా నమ్మకండి. అవి బంపర్ చివరను బట్టి గీసినవి, మీ కారు ఇప్పుడు దానికన్నా అర మీటరో ముప్పాతిక మీటరో పొడవు.

ముందువైపు వ్యవస్థలను మాత్రం ఆఫ్ చెయ్యకండి. ముందు అద్దం వెనకున్న కెమెరాకు, గ్రిల్లు దగ్గరి రాడార్‌కు వెనక సైకిళ్ళతో సంబంధం లేదు. ముందు ఎవరైనా అడ్డం వస్తే బ్రేకు వేసే ఏర్పాటు ఈ రోడ్ల మీద ప్రాణాలు కాపాడేది. క్రూజ్ కంట్రోల్‌లో ముందు బండికి మనకు మధ్య దూరాన్ని అన్నిటికన్నా ఎక్కువకు పెట్టండి. ఎందుకో చెబుతాను. సైకిళ్ళు, ర్యాక్ కలిపి 40 కిలోలనుకోండి. కారు గట్టిగా బ్రేకు వేస్తే దాదాపు ఆ 40 కిలోల బలమూ డిక్కీ తలుపు మీదికి ముందుకు నెడుతుంది. పెడలు కొన వెనక అద్దానికి ఆని ఉంటే అద్దం పగలవచ్చు. పెడళ్ళు విప్పి లోపల పెట్టండి, లేదా వాటికి మందపాటి తువ్వాలు చుట్టండి.

ఒక చిన్న సంగతి చాలామంది మరచిపోతారు. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపి మళ్ళీ వేస్తే, మీరు ఆఫ్ చేసినవన్నీ తిరిగి ఆన్ అవుతాయి. దారిలో కాఫీకి ఆగి బయలుదేరేటప్పుడు మళ్ళీ చూసుకోండి, లేకపోతే హోటలు ముందు రివర్స్ వెయ్యగానే కారు అదాటుగా ఆగుతుంది. మిగతా కార్లలో మీరు ఆఫ్ చేసింది ఆఫ్‌గానే ఉండిపోతుంది. ఇల్లు చేరి సైకిళ్ళు దింపాక తిరిగి ఆన్ చెయ్యడం ఎవరి పనో మీ ఇద్దరిలో ముందే అనుకోండి. మా ఇంట్లో అది మా అమ్మాయి పని. స్టీరింగ్ మీద ఒక ఎర్ర రిబ్బను కడుతుంది, అన్నీ ఆన్ చేశాకే విప్పుతుంది.

షోరూం వాళ్ళ మాట సగమే నిజం. ర్యాక్ పెట్టినంత మాత్రాన మొత్తం కారు వారంటీ పోవడం మామూలుగా జరగదు. కానీ ర్యాక్ కొక్కేల వల్ల డిక్కీ తలుపు వంగినా, పెయింటు గీసుకుపోయినా, లైట్ల కోసం వైర్లు కోసి అతికించినా, ఆ నష్టాన్ని వాళ్ళు భరించమనవచ్చు. ఏ ర్యాక్ పెట్టవచ్చో, ఎంత బరువు వేయవచ్చో మీ కారు పుస్తకంలో చూసి, వాళ్ళ చేత కాగితం మీద రాయించుకోండి. నోటి మాట మీద ఆధారపడకండి. కొక్కేలను గాజు అంచుకు గానీ, తలుపు పైనున్న ప్లాస్టిక్ స్పాయిలర్‌కు గానీ ఎప్పుడూ తగిలించవద్దు. మీ డిక్కీ మోటారుతో తెరుచుకునేదైతే, బంపర్ కింద కాలు ఊపితే తెరుచుకునే ఏర్పాటును కూడా ఆపేయండి. సైకిళ్ళ బరువుతో తలుపు ఎత్తబోతే మోటారు దెబ్బతింటుంది.

ఇంకో మాట, ఇది మీరు అడగలేదు. సిగ్నల్ దగ్గర మన వెనక స్కూటర్లు ఎంత దగ్గరగా వచ్చి ఆగుతాయో చూశారు కదా? మీ సైకిల్ హ్యాండిల్ కొన, పెడలు, సరిగ్గా స్కూటర్ మీద కూర్చున్న మనిషి ముఖం ఎత్తులో ఉంటాయి. హ్యాండిల్ కొనలకు మెత్తని స్పాంజి తొడగండి. బాగా బయటికి పొడుచుకువచ్చే చోట ఎర్ర గుడ్డ కట్టండి, తెల్లవారుజామున మెరిసే టేపు కూడా అంటించండి. వెనక బ్రేకు లైట్లు, ఇండికేటర్లు సైకిల్ వెనక దాగిపోతున్నాయేమో ఒకరు పది అడుగులు వెనకకు వెళ్ళి చూడాలి.

నంబరు ప్లేటు సంగతి కూడా అంతే ముఖ్యం. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం అది వెనక నుంచి స్పష్టంగా కనిపించాలి. ప్లేటును విప్పి ర్యాక్‌కు బిగించుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లన్నిటికీ ఉన్న హై సెక్యూరిటీ ప్లేటు విప్పితే విరిగిపోయే లాకుతో వస్తుంది, విప్పకూడదు. అందుకని కొనేటప్పుడే, ప్లేటు, లైట్లు కనిపించేంత ఎత్తున సైకిళ్ళను పట్టుకునే ర్యాక్ చూసుకోవాలి. మీది కిందికి వేలాడే రకమైతే, పట్టీలు సర్ది ఒక జానెడు పైకి ఎక్కించండి. ప్లేటు బయటపడుతుంది, దాని పైనున్న కెమెరాకు కూడా కొంత చూపు వస్తుంది.

ప్రశ్న: మేము బ్యాటరీ సైకిళ్ళు రెండు కొన్నాం. కారు వెనక టో బార్ (ట్రైలర్‌ను తగిలించి లాగే కడ్డీ) పెట్టించి, దానికి తగిలించే ర్యాక్ వాడాలనుకుంటున్నాం. అలా చేస్తే సెన్సర్ల గొడవ ఉండదని ఒక స్నేహితుడు అన్నాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, రామమూర్తి నగర్

జవాబు: మీ స్నేహితుడు చెప్పింది కంపెనీయే టో బార్‌తో పాటు ప్లగ్గు కూడా బిగించి ఇచ్చే కార్ల విషయంలో నిజం. ఆ కార్లలో ర్యాక్ లైట్ల ప్లగ్గును సాకెట్‌లో పెట్టగానే కారు కంప్యూటర్ వెనక ట్రైలర్ ఉందని గుర్తించి, వెనక సెన్సర్లను తానే ఆపేస్తుంది. అది మంచి పద్ధతి. కానీ బయట షాపులో బిగించే సాకెట్లలో చాలావరకు టెయిల్ లైట్ల వైర్లలోంచి కరెంటు తీసి అతికిస్తారు. నేనూ అలాంటివి చాలా అతికించాను. లైట్లు వెలుగుతాయి, కారు కంప్యూటర్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు. కాబట్టి సెన్సర్ల గొడవ అలాగే ఉంటుంది. పైగా కొత్త కార్లలో ఆ వైర్లు కోస్తే డాష్‌బోర్డు మీద కొత్త హెచ్చరికలు వెలగవచ్చు. మీ కారుకు ఆ ఏర్పాటును కంపెనీ ఆమోదించిందో లేదో ముందు సర్వీస్ సెంటర్‌లో కనుక్కోండి. ఆమోదించలేదంటే టో బార్ ఆలోచన మానుకోండి.

ఆమోదించినా బరువు లెక్క వెయ్యాలి. బ్యాటరీ సైకిలు ఒక్కొక్కటి 20 నుంచి 25 కిలోలు, ర్యాక్ 15 నుంచి 20 కిలోలు. మొత్తం 60, 70 కిలోలు టో బార్ కొనకు వేలాడుతుంది. ఆ కొన ఎంత మోయగలదో పుస్తకంలో ఉంటుంది, చాలా కార్లకు అది 50 నుంచి 100 కిలోల మధ్య. సైకిళ్ళ బ్యాటరీలు విప్పి కారులో పెట్టుకుంటే ఐదారు కిలోలు తగ్గుతాయి, వాన తడి నుంచి కూడా కాపాడినట్టవుతుంది. వెనక అంత బరువు పడితే కారు ముక్కు కాస్త పైకి లేస్తుంది. హెడ్‌లైట్లు ఎదురు వచ్చేవాళ్ళ కళ్ళలో పడతాయి, వాటి ఎత్తు తగ్గించే చక్రం డాష్‌బోర్డు కింద ఉంటే ఒక మెట్టు తగ్గించండి. మీ పేటలోని హంపుల మీద ర్యాక్ తోక నేలకు గీసుకుంటుంది, అక్కడ మనిషి నడిచే వేగంతోనే దాటండి.

ప్రశ్న: అయితే సైకిళ్ళను కారు పైన పెట్టుకుంటే ఈ బాధలేమీ ఉండవు కదా?
— ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: వెనక సెన్సర్ల మటుకు ఉండవు. కానీ ఒకటిన్నర మీటరు దాటిన కారు మీద మీటరు పైచిలుకు ఎత్తున్న సైకిల్ నిలబెడితే మొత్తం 2.7 మీటర్ల దాకా వస్తుంది. చాలా అపార్టుమెంట్లు, మాల్స్ బేస్‌మెంట్ ద్వారం దగ్గర 2.1 మీటర్లని రాసి ఉంటుంది. ఏ సెన్సరూ కారు పైన ఉన్నదాన్ని చూడదు. అలసిపోయి ఇల్లు చేరి, పైన సైకిలుందన్నది మరచి నేరుగా కిందికి దిగేవాళ్ళు ఉన్నారు. సైకిలు, ర్యాక్, కారు పైకప్పు మూడూ పోతాయి. ఇంటి గేటు రిమోటుకు, లేదా పార్కింగ్ కార్డుకు సైకిల్ బొమ్మ ఒకటి అంటించుకోండి. పైకప్పు మోసే బరువు కూడా పుస్తకంలో చూసుకోండి, చాలా కార్లకు అది 50 నుంచి 75 కిలోల లోపే.

ప్రశ్న: నేను ఒక్కదాన్నే, సైకిలూ ఒకటే. నాకు ఏ ర్యాక్ మంచిది?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: మీకు ర్యాక్ అక్కరలేదమ్మా. వెనక సీటు మడిచి, ముందు చక్రం విప్పి, సైకిల్‌ను లోపలే పడుకోబెట్టండి. చెయిను వైపు పైకి ఉండాలి, కింద పాత దుప్పటి పరవాలి. సెన్సర్లు, కెమెరా, నంబరు ప్లేటు, దేనికీ అడ్డం రాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మీ కారు దానంతట అదే బ్రేకు వేసినప్పుడు సైకిలు మీ సీటు మీదికి దూకకుండా, ఫ్రేమును డిక్కీలో ఉండే కొక్కేలకు రెండు చోట్ల తాడుతో బిగించండి. విప్పిన చక్రాన్ని గోనెసంచిలో చుట్టి, ముందు సీటు వీపుకు ఆనించి నిలబెట్టండి.